రెండు కార్బురేటర్లు, ఒక చెవి

మా హన్మయ్య బావకూ నాకూ రెండేళ్లపాటు మాటల్లేవు. తప్పు నాది కాదు. అప్పట్లో ఎవరడిగినా ఇదే చెప్పేవాణ్ని, అడగనివాళ్లకు కూడా ఆపి మరీ చెప్పేవాణ్ని.

బావంటే మా అక్క లక్ష్మీనర్సమ్మ భర్త. కాపురం చిల్కానగర్‌లో. నాచారంలో రేకులు వంచే ప్రెస్ షాపులో పదహారేళ్లుగా పని. నా షెడ్డు కూడా నాచారంలోనే, ఫ్యాక్టరీల ప్రహరీగోడకు ఆనుకుని ఉండేది. నాలుగు రేకులు, బండి కిందికి దిగడానికి ఒక గుంత, గోడ మేకులకు వేలాడే పానాలు. వచ్చేవన్నీ అంబాసిడర్లు, ఫియట్లు. వాటికి బావ అక్కర్లేదు, నేనొక్కణ్ని చాలు. ఎప్పుడో ఏడాదికొకటి, రెండు కార్బురేటర్లున్న పాత ఇంగ్లీషు బండి వచ్చేది. అప్పుడు మాత్రం ఆదివారం దాకా ఆగి బావకు కబురు పెట్టేవాణ్ని.

ఎందుకంటే ఆ రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీల్చిందా, ఇంజను నిలబడి ఒక్క నిమిషం తిన్నగా తిరగదు. పెద్ద పెద్ద షాపుల్లో దానికి మీటర్లుంటాయి. మాకున్నది ఒక రబ్బరు గొట్టం. దాని ఒక చివర నేను కార్బురేటర్ నోటి దగ్గర పట్టుకునేవాణ్ని, రెండో చివర బావ చెవిలో. అల్లంత దూరంలో స్టూలు వేసుకుని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఇంజను మోతలో మాటలు వినపడవు కాబట్టి వేళ్లతో చెప్పేవాడు. ఒక వేలు చూపిస్తే స్క్రూ కుడికి జరంత తిప్పాలి. రెండు వేళ్లయితే ఎడమకు. పిడికిలి బిగిస్తే సరిపోయిందని అర్థం. నేను చెయ్యి, బావ చెవి. నాకూ దేవుడు రెండు చెవులిచ్చాడు గానీ, ఆ గొట్టం ఏనాడూ నా చెవికి పెట్టుకోలేదు. పెట్టుకుంటే బావను నమ్మనట్టు ఉంటుందని నా లెక్క.

అలాంటి బావతో మాటలెందుకు పోయాయో చెప్తాను.

మా ఇళ్లల్లో ఆడపిల్ల పెళ్లంటే పందిట్లో మొదటి బట్టలు ఇంటల్లుడికి పెట్టాలి. అంటే పెళ్లికూతురి మేనత్త భర్తకు. వియ్యంకుడికైనా ఆ తర్వాతే. మా అమ్మాయి సూర్యకళ పెళ్లినాడు, ఉప్పల్‌లో మా ఇంటి ముందు వేసిన పందిట్లో, పళ్లెంలో ధోవతి కండువా పట్టుకుని నిలబడి బావను పిలిచాను. నాలుగు వరుసల అవతల నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. “బావా, రా” అన్నాను. కదల్లేదు. మళ్లీ పిలిచాను. బ్యాండు మోగుతోంది నిజమే, కానీ నా గొంతు బ్యాండుకు లొంగే గొంతు కాదు, చుట్టాలందరూ తలలు తిప్పి చూశారు. మూడోసారి అరిచాను. ఆయన తల కూడా తిప్పలేదు. అక్క లోపల పిల్లకు చీర కట్టిస్తోంది. ఎవరో లేచి ఆయన భుజం తట్టబోతే నేనే ఆపాను. “వద్దు. రానోన్ని బతిమాలుడేంది?” అని, ఆ పళ్లెం తీసుకెళ్లి మా చిన్నాయన అల్లుడు రాజయ్య చేతుల్లో పెట్టాను.

బావ ఆ పూట భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాడు. తర్వాత అక్కతో అన్నాడట, “నన్ను పిలువనే లేదు. పిలువకుంటనే రాజయ్యకు పెట్టిండు” అని. మూడొందల మంది మధ్య మూడుసార్లు పిలిస్తే పిలవలేదంటాడా! ముందు తనే నోరు తెరవాలి, అప్పటిదాకా నేను మాట్లాడితే ఒట్టు అనుకున్నాను. అవతల ఆయన కూడా అదే ఒట్టు పెట్టుకున్నాడు.

ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో రామ్మోహనరావు గారని ఒకాయన వచ్చారు. ఉప్పల్ రోడ్డులో ఏదో పరిశోధన ఆఫీసులో పెద్ద ఇంజనీరు, గోదావరి వైపు మనిషి. ఆయన జీపు వెనక తాడు కట్టించుకుని వచ్చింది బండి. ఎర్రటి రెండు సీట్ల పాత ఇంగ్లీషు కారు, ఎం.జి. కప్పు లేదు, పక్క అద్దాలు లేవు, కూర్చుంటే రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంటాం. అలాంటి దానికి ఎవడో పుణ్యాత్ముడు అంబాసిడర్ కార్బురేటర్ ఒక్కటి తగిలించి పెట్టాడు. అసలువి రెండూ డిక్కీలో, చెక్కపెట్టెలో, పాత గుడ్డల్లో చుట్టి ఉన్నాయి.

“వీటిని మళ్లీ పెట్టించాలండీ. నెలాఖరుకు నాకు డెహ్రాడూన్ బదిలీ. ఈలోపు ఒక్కసారైనా దీని అసలు గొంతు వినాలి” అన్నారాయన. చంకలో మాన్యువల్ పుస్తకం కూడా ఉంది. నేను స్క్రూ విప్పినప్పుడల్లా పేజీ తిప్పే రకం. “హన్మయ్య గారని మీ బావగారటగా, ఆయన చెవి గురించి చాలా విన్నాను. ఆయన వస్తారు కదా?”

వస్తాడో రాడో నాకేం తెలుసు? ఆ మాట పైకి అనలేక మీసం సవరించుకుంటూ నిలబడ్డాను. అప్పుడు నాకు పెద్ద మీసాలుండేవి, పై పెదవిని పూర్తిగా మూసేసేవి. నాచారంలో నన్ను బిక్షపతి అనేవాళ్లకంటే మీసాల మేస్త్రీ అనేవాళ్లే ఎక్కువ. ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది.

విషయం ఎలా తెలిసిందో ఏమో, మర్నాడు అక్క వచ్చింది. చాయ్ కూడా తాగలేదు.

“ఆయన ఇంట్ల గూడ మాట్లాడుతలేడు తమ్మీ. పిలిస్తె పలుకడు. ఏమన్న అడిగితె మొకంలకు సూస్తడు, లేచి బయటికి పోతడు. నీ పందిట్ల అయిన అవమానం మనసుల వెట్టుకున్నడు. మనిషి కరిగిపోతుండు.”

“పిలిస్తే రానోడు ఆయన. అవమానమైంది నాకు.”

“ఎవలదన్న గానీ. ఈ బండి సాకుతోనైన మాట్లాడు. ఆయనను నీ తాన్కి నేను తోలిస్త. ముందుగాల నువ్వు నోరు తెరువు, చిన్నోనివి. గంతే అడుగుతున్న.”

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే ఆ రెండేళ్లూ ఆదివారమొస్తే షెడ్డు గడప వైపు చూడని రోజు లేదు. బావ లేని ఆదివారం నాకు ఆదివారంలా ఉండేదే కాదు. అయినా అక్కతో, “వస్తే రమ్మను. పని చేస్త. మాట మాత్రం ఆయనే ముందనాలె” అన్నాను. పెద్ద మగాణ్ని కదా!

ఆదివారం పొద్దున బావ వచ్చాడు. జుట్టు తెల్లబడింది, ఖాకీ చొక్కా వదులైంది. షెడ్డు బయట నిలబడి నా మొహంలోకే చూశాడు, ఏదో అంటానేమోనని ఎదురుచూస్తున్నట్టు. నేను బానెట్‌లోకి తల పెట్టేశాను. కాసేపాగి చొక్కా చేతులు మడుచుకుని అవతలి పక్కకొచ్చి నిలబడ్డాడు.

మాటల్లేకుండా పని చేసే విద్య మాకు ముందునుంచే ఉంది కాబట్టి పని సాగింది. నేను చెయ్యి చాపితే కావలసిన పానా పడేది. అంబాసిడర్ కార్బురేటర్ విప్పి పక్కన పడేశాం. దాని కింద గాలి వెళ్లే గొట్టాల దిమ్మ మార్చి, కొత్త గ్యాస్కెట్లు కోసి వేశాం. పెట్టెలోని రెండింటినీ బావ పెట్రోలులో కడిగాడు. వాటి లోపల చిన్న పిస్టన్ ఉంటుంది. వేలితో ఎత్తి వదిలితే టక్కున పడాలి. ఆ టక్కు శుభ్రంగా వినపడితేనే లోపలి సూది సరిగ్గా కూర్చున్నట్టు. బావ ఎత్తి వదిలాడు. చెవి దగ్గర పెట్టుకోకుండా బొటనవేలు దాని పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. మళ్లీ ఎత్తి వదిలాడు, మళ్లీ బొటనవేలే. ఇదేం కొత్త వేషం అనుకున్నాను. అడగొచ్చు, కానీ అడిగితే ముందు మాట్లాడింది నేనవుతాను.

చివరికి లింకేజీ దగ్గర ఆగాం. రెండు కార్బురేటర్లనూ కలిపే సన్నటి కడ్డీ అది. కాలి కింద యాక్సిలరేటర్ తొక్కితే కేబుల్ దాన్ని తిప్పుతుంది, అది రెండింటి తలుపుల్నీ ఒక్కసారే తెరవాలి. కడ్డీ తిరిగే రంధ్రాలు అరిగి వదులుగా ఆడుతున్నాయి. బావ వేలితో అటూ ఇటూ కదిపి చూసి, కాగితం ముక్క మీద కొలత గీసుకుని జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం చేతులు కడుక్కుని, గడప దగ్గర మళ్లీ ఒకసారి నా వైపు చూసి వెళ్లిపోయాడు.

వారం తర్వాత వచ్చినప్పుడు జేబులోంచి చిన్న పొట్లం తీసి నా ముందు పెట్టాడు. అందులో ఆ అరిగిన రంధ్రాల్లో దిగే ఇత్తడి బుష్షులు నాలుగు. ఫ్యాక్టరీలో ఎవరి చేతనో లేతు మీద తిప్పించి, నున్నగా రుద్ది తెచ్చాడు. వాటిని వేసి కడ్డీ ఎక్కిస్తే ఎక్కడా ఆట లేదు. రెండు స్ప్రింగులూ తగిలించి కేబుల్ లాగి వదిలితే రెండు తలుపులూ కలిసి తెరుచుకుని కలిసి మూసుకున్నాయి. ఆ బుష్షులు చూసి నా కోపం సగం దిగిపోయింది. ‘మస్తు చేసినవ్ బావా’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట మింగినందుకు నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు.

మధ్యాహ్నానికి ట్యూనింగ్ మొదలుపెట్టాం. ముందు కడ్డీని రెండింటికీ బిగించే క్లాంపులు వదులు చెయ్యాలి, దేని గాలి దానిదిగా ఉండాలి కదా. ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాను. బావ స్టూలు మీద కూర్చుని, గొట్టం చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను రెండో చివర ముందు కార్బురేటర్ నోటి దగ్గర పట్టుకుని, కుడిచేత్తో స్క్రూ తిప్పే పేచ్‌కస్ తీసుకున్నాను. ఒక వేలు లేచింది. తిప్పాను. మళ్లీ ఒక వేలు. తర్వాత రెండు వేళ్లు. తర్వాత పిడికిలి. వెనకదానికీ అలాగే. పిడికిలి రెండుసార్లూ పడింది గానీ ఇంజను మాత్రం ఒణుకుతూ, దగ్గుతూ, ఆగిపోయేటట్టుగా ఉంది. మళ్లీ మొదటి నుంచి చేశాం. మళ్లీ అంతే. మూడోసారి చేస్తుంటే నా వీపు చెమటతో తడిసిపోయింది.

అప్పుడు వెనక కార్బురేటర్ స్ప్రింగు కొక్కెం జారింది. ఇంజను ఒక్కసారిగా రేస్ అయింది. గొట్టం వదిలేసి రెండు చేతులతో స్ప్రింగు పట్టుకున్నాను. అది మళ్లీ తగిలించి తలెత్తి చూద్దును కదా, గొట్టం చివర మడ్‌గార్డు మీంచి జారి గాల్లో వేలాడుతోంది. అవతల బావ కళ్లు మూసుకుని ఒక వేలు చూపిస్తున్నాడు. కుడికి జరంత, అని.

ఏం వింటున్నాడు ఈయన? ఆ గొట్టం చివర తీసి నా చొక్కా జేబులో దోపాను. బావ కాసేపు ఆగాడు, రెండు వేళ్లు చూపించాడు. తర్వాత నెమ్మదిగా పిడికిలి బిగించాడు. సరిపోయింది!

నాతో ఆడుకుంటున్నాడు, పందిట్లో జరిగినదానికి ఇలా పగ తీర్చుకుంటున్నాడు, కావాలనే బండి చెడగొడుతున్నాడు. ఇవాళ తేల్చుకోవలసిందే. నా తిట్లు ఇంజను మోతలో పోకూడదని వెళ్లి ఇంజను ఆపి, తాళం చేతిలోకి లాక్కున్నాను.

షెడ్డు నిశ్శబ్దమైపోయింది. గోడ అవతల ఎవరో పంపు కొడుతున్న చప్పుడు కూడా వినపడుతోంది. తిట్టడానికి నోరు తెరిచాను. బావ కళ్లు తెరవలేదు. గొట్టం చెవిలోనే ఉంది. కాసేపటికి ఆయన కుడిచెయ్యి పైకి లేచి, ఒక వేలు చూపించింది.

కుడికి, జరంత.

పేచ్‌కస్ చేతిలోంచి జారి గుంతలో పడి ఖణేల్‌మంది. దానికి కూడా ఆయన ఉలిక్కిపడలేదు. స్క్రూ దగ్గర నా కదలిక లేదని అనుమానమొచ్చిందేమో, కాసేపటికి కళ్లు తెరిచాడు. నా చేతిలో తాళం చూశాడు. నా జేబులోంచి వేలాడే గొట్టం చూశాడు.

“బండి ఆగిందా?” అన్నాడు. పక్క షెడ్డుకు వినపడేంత గట్టిగా అన్నాడు.

“ఎప్పటిసంది బావా?” అన్నాను. రెండేళ్ల పంతం ఆ మాటతో తెగిపోయింది. ముందు నోరు తెరిచింది ఆయనే, కానీ ఆ లెక్క నాకు గుర్తే రాలేదు; నేను మాట్లాడిన సంగతి ఆయనకు తెలియనే లేదు.

బావ నా నోటి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. “తెలుస్తలేదు బామ్మర్దీ. మీ అక్క మాటలైతె పెదవులు సూసి జరంత పసిగడత. నీ మీసాల కింద ఏం కదులుతుందో కానొస్తలేదు.”

గొట్టం చెవిలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత తనే చెప్పుకొచ్చాడు. పదహారేళ్లు ఆ ప్రెస్ పక్కన నిలబడ్డందుకు కుడిచెవి ముందే పోయింది. ఎడమది కొంచెం కొంచెంగా తగ్గుతూ, కిందటి దీపావళికి పూర్తిగా పోయింది. టపాకాయలు వెలుగుతున్నాయి గానీ చప్పుడు లేదట.

“షాపుల తెలిస్తె దవాఖానకు తోలుతరు, చెవిటోడు ప్రెస్ మీద ఉండొద్దని ఇంటికి పంపుతరు. ఇంకో మూడేండ్లు ఎల్లదీద్దామని ఎవలకు చెప్పలే. మీ అక్కకు గూడ చెప్పలే. అలిగిన అనుకుంటుంది. అనుకోనీ, చెవిటోడంటె ఏడుస్తది.”

నేను గొట్టం వైపు చూపించాను. మరి ఇదంతా ఎందుకు, అన్నట్టు.

బావ సిగ్గుపడ్డాడు. ఆయన ముఖంలో అలాంటి సిగ్గు నేనెప్పుడూ చూడలేదు. “నువ్వు రమ్మంటున్నవని మీ అక్క చెప్పింది. రెండేండ్లకు పిలుపొచ్చింది. చెవుల్లేవని చెప్తె మళ్ల పిలుస్తవా? ఎప్పుడైన ఒక వేలు, రెండేండ్లు, పిడికిలి, గట్లనే గద ఉంటది. అందాజ మీద ఎల్లిపోతదనుకున్న.”

రెండు వేళ్లు అనబోయి రెండేండ్లు అన్నాడు. నేను దిద్దలేదు, దిద్దినా ఆయనకు వినపడదు. వెళ్లి ఆయన ముందు నేల మీద కూలబడ్డాను. తర్వాత బావ ముందుకు వంగి, ఇన్నాళ్లూ లోపల దాచుకున్నది అడిగాడు.

“సూర్యకళ పెండ్లిల… నన్ను పిలిచినవా?”

తలూపాను. తల ఊపితే సరిపోదనిపించింది. చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించాను. మూడు వేళ్లకు మా పనిలో ఏ అర్థమూ లేదు, అంతకుముందు ఎప్పుడూ వాడలేదు. బావ వాటిని ఒకటొకటిగా లెక్కపెట్టాడు.

“మూడుసార్లా?”

తలూపాను.

“నేను గా కుర్చీల అందుకే కూసున్న. ఎప్పుడు పిలుస్తవా, ఎప్పుడు పిలుస్తవా అని. ఇటు తిరిగి సూసుకుంట కూసుంటె బట్టలకు మొకం వాచినట్టు ఉంటదని అటు తిరిగిన. అప్పటికి నా చెవులు పోతున్నయని నాకే తెల్వది.” ఒళ్లోని గొట్టం వేలికి చుట్టుకుంటూ అన్నాడు, “నీ గొంతు ఎట్లుంటుండెనో యాదికి తెచ్చుకుంటున్న బామ్మర్దీ. తిట్టేదొక్కటే యాదికొస్తుంది.”

నేను ఏడ్చాను. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. కిందటి దీపావళి దాకా ఆ ఎడమ చెవి ఎంతో కొంత పనిచేసింది. ఒక్క ఆదివారం చిల్కానగర్ వెళ్లి ఆయన పక్కన కూర్చుని మాట్లాడి ఉంటే నా మాట వినేవాడు. విన్నన్నాళ్లూ నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు నోరు తెరిస్తే వినేవాడు లేడు. ఎవరిమీద కోపం తెచ్చుకోను?

బావే ముందు లేచాడు. గొట్టం చివర చొక్కాతో శుభ్రంగా తుడిచి, నా చేతిలో పెట్టలేదు, నేరుగా నా చెవిలో పెట్టాడు. నన్ను స్టూలు వైపు నెట్టి, గుంతలోకి దిగి పేచ్‌కస్ తెచ్చుకుని కార్బురేటర్ల దగ్గర నిలబడ్డాడు. “తాళం తిప్పి వచ్చి కూసో. సారు సాయంత్రం వస్తడు” అన్నాడు.

ఇంజను స్టార్ట్ చేసొచ్చి కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. మొదట ఏమీ తెలియలేదు, అంతా ఒకటే మోత. కాసేపటికి ఆ మోత లోపల ఇంకో చప్పుడు విడిగా వినపడింది. అన్నం ఉడుకుతుంటే మూత కిందనుంచి వచ్చే బుస లాంటిది. బావ గొట్టం వెనకదానికి మార్చాడు. బుస సన్నబడింది. ఇన్నేళ్లూ ఆయన విన్నది ఇదన్నమాట! ఒక వేలు చూపించాను. బావ తిప్పాడు. మళ్లీ ఒక వేలు. ఎక్కువైంది, రెండు వేళ్లు. ముందుదీ వెనకదీ ఒకే బుస అయ్యేసరికి ఎంత సేపు పట్టిందో నాకు తెలియదు. ఇంజను దగ్గు మానేసింది. ఒణుకు పోయింది. కళ్లు తెరిచి పిడికిలి చూపించాను. బావ అరచెయ్యి బానెట్ అంచుకు ఆనించి కాసేపు ఉంచి, తలూపాడు. కడ్డీ మీది క్లాంపులు రెండూ బిగించేశాడు. ఇక ఒకటి తెరుచుకుంటే రెండోదీ దాంతోపాటే.

నాలుగింటికి రామ్మోహనరావు గారు వచ్చారు. బండిలో కూర్చుని యాక్సిలరేటర్ ఒకసారి తొక్కారు. ఆ గొంతు విని ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగొచ్చి బావ రెండు చేతులూ పట్టుకున్నారు.

“హన్మయ్య గారూ, మీ చెవి గురించి విన్నదంతా తక్కువేనండీ! మీటర్లు కూడా ఇంత బాగా చెప్పలేవు.”

బావ నవ్వి దండం పెట్టాడు. ఏమన్నారో ఆయనకు తెలియలేదు. నేను మాత్రం, “అవును సార్, ఆ చెవి ఇంకొకరికి రాదు” అన్నాను. ఎర్ర బండి మలుపు తిరిగి ఉప్పల్ వైపు వెళ్లిపోయింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా నేను వింటూ నిలబడ్డాను.

“ఎట్ల పోతుంది?” అని అడిగాడు బావ. పిడికిలి చూపించాను.

మర్నాడు పొద్దున ఉప్పల్‌లో మంగలి షాపు తీయకముందే వెళ్లి కూర్చున్నాను. మీసాలు తియ్యమంటే కత్తి పక్కన పెట్టేశాడు. “అయ్యో, ఎవలు పోయిన్రన్నా?” అన్నాడు. మాలో తండ్రో తల్లో పోతే తప్ప మీసం తియ్యరు. “జల్ది తియ్యి నువ్వు” అని కసిరాను. అద్దంలో నా పై పెదవి తెల్లగా, ఎవరిదో లాగా ఉంది.

చిల్కానగర్‌లో అక్క వాకిలి ఊడుస్తోంది. నన్ను చూడగానే చీపురు పడేసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

“అయ్యో తమ్మీ! ఎవలురా? ఎవలు పోయిన్రు?”

ఏం చెప్పను? ఏదో పోయిందని చెప్పొచ్చు. మనుషులందరూ ఉన్నారనీ చెప్పొచ్చు. “ఎవలు పోలేదక్కా. బావ ఏడి?” అన్నాను.

బావ లోపల మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు, నాకు వీపు పెట్టి. చుట్టూ తిరిగి వెళ్లి ఆయన ఎదురుగా, వెలుతురు నా మొహం మీద పడేటట్టు నిలబడ్డాను. ఆయన తలెత్తి నా పై పెదవి చూసి అదిరిపడ్డాడు.

“బావా” అన్నాను.

కళ్లు చిన్నవి చేసి చూస్తున్నాడు.

“బావా” అన్నాను, ఇంకా మెల్లగా. నా గొంతు ఆయనకు ఇక ఎన్నటికీ వినపడదని తెలిసీ, పందిట్లో అరిచినంత గట్టిగా మూడోసారి పిలిచాను. వెనక అక్కకు సంగతి అర్థమైనట్టుంది, ఏడవడం మొదలుపెట్టింది.

“వస్తున్న” అన్నాడు బావ. చాయ్ గ్లాసు కింద పెట్టి మంచం మీంచి లేచాడు.